మొదటి టరాంటులా: రంగు చివరి సంగతి

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు వెంట ఇంజినీరింగ్ కాలేజీలు పెరిగిన కొద్దీ అద్దె గదులూ, హాస్టళ్లూ పెరిగాయి. ఆ గదుల్లో కుక్కను పెంచే చోటు ఉండదు, పిల్లికి ఇంటి ఓనరు ఒప్పుకోడు. జీవుల మీద ప్రేమ ఉన్న కుర్రాళ్లలో కొందరి చూపు అందుకే సాలీళ్ల మీద పడుతోంది. ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మేనత్త. ఇంకొకరు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ, మొదటిసారి టరాంటులాను పెంచాలని పట్టుబట్టిన మేనల్లుడు. ఇద్దరికీ ఆ జీవి అంటే ప్రేమే. తగవంతా ఆ ప్రేమ ఏం చెయ్యాలన్న దాని గురించి.

అల్లుడు: అత్తమ్మా, నేను నిర్ణయం చేసుకున్న. పెంచితే గూటీ సఫైరే పెంచుత. ఒళ్లంతా నీలం, కాళ్ల కింద పసుపు. టరాంటులాలు పెంచేటోళ్లల్ల దాన్ని గుర్తుపట్టనోళ్లు లోకంల లేరు. దాని పేరుల ఉన్నది మన గుత్తి. అమెరికాల, జర్మనీల ఇండ్లల్ల పెరుగుతున్నది. మన అడవిల పుట్టిన దాన్ని పెంచుకునే హక్కు మనకే లేకుంటే ఎట్ల?

అత్త: హక్కు సంగతి తర్వాత. ముందు దాని కథ విను. పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1899ల దాన్ని మొదటిసారి వర్ణించిండు. ఆ నమూనా దొరికింది అడవిల కాదు, గుత్తిల రైల్వే వాళ్ల కట్టెల యార్డుల. దూరపు అడవి నుంచి దుంగలతోని పాటు రైల్ల వచ్చి ఉంటదని తర్వాతి పరిశోధకులు అనుకున్నరు. ఆ తర్వాత నూరేండ్లు దాని జాడ లేదు. 2001ల నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిల మళ్ల దొరికింది. 2008ల అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అన్నిటికంటె ఎక్కువున్న వాటి జాబితాల పెట్టింది. అది బతికే జాగ మొత్తం కలిపితె నూరు చదరపు కిలోమీటర్లు లేదని అప్పటి లెక్క. నువ్వు చెప్పే నీలం వెనుక ఉన్నది అంత చిన్న అడవి, బిడ్డా.

అల్లుడు: అడవిల నుంచి పట్టి తెమ్మని నేను అంటలేను. ఇండ్లల్ల పుట్టినవి ఉన్నయి కదా. ఒక్క గుడ్ల సంచిల నుంచి పదుల కొద్ది, ఒక్కోసారి నూరు దాక పిల్లలు వస్తయి. ఇరవై ఏండ్ల సంది తరాల తరబడి డబ్బాలల్లనే పుట్టి పెరుగుతున్నయి. అది ఎంత తేమల గుడ్లు పెడతది, ఎన్ని రోజులకు పిల్లలైతయి, ఒకదానితోని ఒకటి ఎట్ల మెలుగుతయి, ఇదంతా పెంచినోళ్లే ఓపికగ చూసి రాసిపెట్టిన్రు. ఎవరో ఒకరు పెంచకుంటే ఆ జీవి గురించి మనకు నమూనా సీసాల ఉన్నంతనే తెలిసేది.

అత్త: ఆ మాట నిజం, కాదనను. పెంపకందార్ల వల్ల శాస్త్రానికి లాభమే అయింది. కాని అక్కడ పుట్టిన ఆ వేల సాలీళ్లల్ల ఎన్ని మన నల్లమలకు తిరిగొచ్చినయి? డబ్బాల ఎన్ని పెరిగినా అడవిల చెట్టు పెరగదు. ఆ సాలీడు ఉండేది పెద్ద చెట్ల తొర్రలల్ల, బెరడు చీలికలల్ల. పాత చెట్లు పోతె దానికి ఇల్లే లేదు. కట్టె కొట్టుడు, అడవి తరుగుడు దానికి మొదటి శత్రువు. పెంపుడు జంతువుల కోసం పట్టుకపోవుడు రెండోది. 2001ల మళ్ల దొరికిన కొన్నేండ్లకే అది యూరప్ మార్కెట్ల ప్రత్యక్షమైంది. ఆ మొదటి జంటలు దొంగతనంగ పోయినవే. విదేశంల ఉన్న వాని డబ్బాలది ఎనిమిదో తరమో, పదో తరమో కావచ్చు. హైదరాబాద్‌ల నీకు అమ్మేటోడు చూపించేది ఏ తరమో నువ్వెట్ల చెప్తవ్? జర్మనీ వానికి నల్లమల సముద్రాల అవతల ఉన్నది. మనకు ఒక్క రాత్రి బస్సు ప్రయాణం. ఇంట్ల పుట్టిందన్న మాట ఇక్కడ చెప్పుడు చానా తేలిక, రుజువు చేసుడు చానా కష్టం.

అల్లుడు: రుజువు అడుగుత. కాగితం లేకుంటే కొనను.

అత్త: ఏ కాగితం అడుగుతవో తెలుసా? 2019 ఆగస్టుల జెనీవాల సైటీస్ సమావేశం జరిగింది. అపాయంల ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం అది. శ్రీలంక, అమెరికా కలిసి అడిగితే పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంల చేర్చిన్రు. మన గుత్తి నీలం ఆ ప్రజాతిదే. ఆ ప్రజాతి భారత్, శ్రీలంకల తప్ప లోకంల ఇంకెక్కడా పుట్టదు. ఆ తర్వాత మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022ల సవరించిన్రు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైతున్నది. సైటీస్ అనుబంధాలల్ల ఉన్న జీవులకు నాలుగో షెడ్యూల్ వచ్చింది. అసుంటి జీవి నీ దగ్గర ఉంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర రిజిస్టర్ చేయించాలె. 2024ల దానికి నియమాలు కూడ వచ్చినయి, దరఖాస్తు ప్రభుత్వపు పరివేష్ పోర్టల్ల పెట్టాలె. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చినా చెప్పాలె. అమ్మేటోడు తన పేరు మీద ఉన్న రిజిస్ట్రేషన్ చూపించకుంటే ఆ సాలీడు నీది కాదు, వానిది కూడ కాదు.

అల్లుడు: చట్టం అంత దూరం పోయిందని నాకు తెల్వదు. సరే, చట్టం పక్కకు పెట్టు. కాగితాలన్నీ ఉన్న గూటీ సఫైర్ దొరికిందనుకో. అప్పుడు?

అత్త: అప్పుడు కూడ నీకు వద్దనే అంట, ఎందుకంటె నీకు ఇది మొదటిది. టరాంటులాలల్ల రెండు పెద్ద తెగలున్నయని నువ్వే చదివి ఉంటవ్. అమెరికా ఖండాల జాతులల్ల చానా వాటికి పొట్ట మీద దురద పెట్టే వెంట్రుకలు ఉంటయి. భయమైతె వెనుక కాళ్లతోని వాటిని రాల్చి విసురుతయి, కరిచే దాక రావు. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ వెంట్రుకలు లేవు. వాటికి ఉన్న రక్షణ రెండే: ఉరుకుడు, కరుచుడు. మన గుత్తి నీలం రెప్పపాటుల డబ్బా ఈ మూల నుంచి ఆ మూలకు ఉరుకుతది. మూత తీసినంతలో నీ మోచెయ్యి దాక వచ్చి ఉంటది. ఈ ప్రజాతి కాట్ల మీద 2014ల ఒక వైద్య సమీక్ష అచ్చయింది. మనిషి చచ్చినట్టు దాఖలా లేదు. కాని కండరాలు గట్టిగ పట్టేసుడు, కొందరికి రోజుల తరబడి, కొందరికి వారాల తర్వాత కూడ తిరిగి వచ్చుడు ఉన్నది. దానికి విరుగుడు మందు లేదు. చెయ్యి వణికే మొదటి ఏడు అసుంటి జీవితోని మొదలుపెట్టొద్దు. నీకు నొప్పి, దానికి అంతకంటె ఎక్కువ అపాయం. ఉరికిన సాలీడు తలుపు సందుల నలిగిపోతది, లేకుంటే పక్క గదోడు చీపురు తీసుకుంటడు.

అల్లుడు: ఇది ఒప్పుకుంట. వేగం గురించి నేను కూడ భయపడ్డ. రంగు ముందు భయం తగ్గిపోయింది, అంతే. ఆ నీలం ఉన్నది చూడు, అది రంగు పదార్థం కాదంట. వెంట్రుకల లోపల ఉన్న అతి సన్నని నిర్మాణాల మీద వెలుగు పడి నీలంగ తిరిగొస్తదంట. 2015ల ఒక పరిశోధనల తేలింది, టరాంటులాలల్ల నీలం కనీసం ఎనిమిదిసార్లు వేర్వేరుగ పుట్టిందని. ప్రతిసారీ దాదాపు అదే నీలం. ఎందుకో ఇంకా పూర్తిగ తెలువలేదు. నాకు దాన్ని రోజూ కండ్లారా చూడాలని ఉంటది.

అత్త: చూడాలనిపించుడు తప్పు కాదు. నాకూ అనిపిస్తది. కాని మొదటి టరాంటులా ఎంపికల అందం చివరి ప్రశ్న కావాలె. ముందు అడగాల్సినవి వేరే ఉన్నయి: ఎక్కడ పుట్టింది, ఎట్ల మెలుగుతది, ఎన్నేండ్లు బతుకుతది, మన ఇల్లు దానికి సరిపడ్తదా. ఈ నాలుగు దాటినంక రంగు చూడు.

అల్లుడు: అట్లయితె నీ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పే జాతి ఒకటి చెప్త. మెక్సికన్ రెడ్ నీ. నల్ల ఒళ్లు, మోకాళ్ల మీద నారింజ రంగు. నేల మీద ఉంటది, గొయ్యి తవ్వుకుంటది, నెమ్మదిగ నడుస్తది, కరుచుడు అరుదు. ఎండను, తేమ తక్కువైన గాలిని ఓర్చుకుంటది. ప్రపంచంల మొదటిసారి పెంచేటోళ్లకు పెద్దలు చెప్పేది ఇదే. లేకుంటే కర్లీ హెయిర్. గోధుమ రంగు, వంకీల వెంట్రుకలు, అది ఇంకా నెమ్మది, తిండి కూడ బాగ తింటది. ఇంకొకటి చిలీ రోజ్.

అత్త: గుణాల లెక్కల నువ్వు చెప్పిన మూడూ మంచివే. మొదటిసారి పెంచేటోనికి నేల మీద ఉండే, మెల్లగ కదిలే అమెరికా ఖండాల జాతే సరి అని నేనూ అంట. కాని పుట్టుక ప్రశ్న అట్లనే ఉన్నది. రెడ్ నీ కథ మన గుత్తి దాని కంటె పాతది. పెంపుడు వ్యాపారం కోసం మెక్సికో కొండల నుంచి తవ్వి తవ్వి తీసుకపోతే 1985లనే దాన్ని సైటీస్ రెండో అనుబంధంల పెట్టాల్సి వచ్చింది. తర్వాత దాని ప్రజాతి బ్రాకీపెల్మానంతా పెట్టిన్రు. అంటే మన చట్టంల రిజిస్ట్రేషన్ దానికి కూడ ఉన్నది. 2021 జూలైల మద్రాసు ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ వాళ్లు ఒక పోస్టల్ పార్శిల్ విప్పిన్రు. పోలండ్ నుంచి వచ్చింది, అరుప్పుకోట్టైల ఒకరి పేరు మీద. లోపల చిన్న చిన్న సీసాలు, ఒక్కోదాన్ని వెండి కాగితంతోని, దూదితోని చుట్టిన్రు. 107 సీసాలల్ల 107 సాలీళ్లు బతికి ఉన్నయి. వాటిల బ్రాకీపెల్మా ఉన్నదని జువాలజికల్ సర్వే వాళ్లు, వన్యప్రాణి నేరాల బ్యూరో వాళ్లు గుర్తుపట్టిన్రు. దిగుమతి లైసెన్సు లేదు, ఆరోగ్య పత్రాలు లేవు. పార్శిల్ తిరిగి పోలండ్‌కు పంపాలని తేల్చిన్రు. ఆ పోస్టు సంచిలల్ల అవి ఎంత ఎండను, ఎంత చలిని ఓర్చుకున్నయో ఆలోచించు. ఎవడో ఒకడు సులువుగ తెప్పిస్తనంటే ఆ తొవ్వ ఇదే.

అల్లుడు: చిలీ రోజ్ ఆ అనుబంధాలల్ల లేదు కదా?

అత్త: లేదు. ఆ రిజిస్ట్రేషన్ పని దానికి లేదు. కాని బయటి దేశం నుంచి తేవాలంటె దిగుమతి లైసెన్సు, ఆరోగ్య పత్రాలు దానికి కూడ కావాలె. ఇక్కడనే పుట్టిందని అమ్మేటోడు అంటే తల్లి ఎక్కడ కొన్నడో, గుడ్ల సంచి ఎప్పుడు వచ్చిందో, పిల్లలు ఎప్పుడు బయటికొచ్చినయో అడుగు. నిజంగ పెంచినోడు తేదీలు రాసి పెట్టుకుంటడు, ఫొటోలు చూపిస్తడు, బిల్లు రాసిస్తడు. నసిగేటోని దగ్గర కొనొద్దు. ఇంకో సంగతి. 2009ల ఇంగ్లండ్‌ల లీడ్స్ ఆసుపత్రికి ఒకాయన ఎర్రబడ్డ కన్నుతోని పోయిండు. తన చిలీ రోజ్ డబ్బా కడుగుతుంటే అది వెంట్రుకలు విసిరింది. ఆ సన్నని ముండ్లు కంటిపాప ముందటి పొరల దిగబడ్డయి. నెమ్మదైన సాలీడు కూడ సాలీడే. డబ్బా మూత తీసేటప్పుడు మొఖం దూరం పెట్టాలె, అద్దాలు పెట్టుకోవాలె, తర్వాత చేతులు కడగాలె.

అల్లుడు: నేను దాన్ని చేతుల మీద ఎక్కించుకోను, అత్తమ్మా. ఫొటోల కోసం అట్ల చేసేటోళ్లను చూసి నాకు కోపం వస్తది. జానెడు ఎత్తు నుంచి పడ్డా దాని పొట్ట పగులుతదని చదివిన. నాకు చూసుడే కావాలె. రాత్రి పూట గొయ్యి నుంచి ఒక కాలు బయట పెట్టి గంటల తరబడి కూసుంటది. దానికి కండ్లు ఎనిమిదున్నా చూపు తక్కువ, కాళ్ల వెంట్రుకలతోనే నేల అదురును వింటది. మట్టిని కొంచెం కొంచెం పట్టు దారంతోని మూటగట్టి మోసుకొచ్చి బయట పెడ్తది. పుస్తకంల చదివినదాన్ని అట్ల కండ్ల ముందట చూస్తే అదే నాకు చదువు. ఇంకో మాట. మన ఊర్ల సాలీడు కనిపిస్తే ఏం చేస్తరు? చెప్పు తీస్తరు. మేము ఉన్న బిల్డింగుల వానకాలం ఒక పెద్ద మగ సాలీడు మెట్ల మీదికొస్తే ఐదుగురు కలిసి కొట్టి చంపిన్రు. అదేం చేసింది? తోడు వెతుక్కుంట తిరిగింది. ఒక్కడన్నా ఇంట్ల పెట్టుకుని పెంచితే వాని దోస్తులు చెప్పు కింద పెడ్తరు. భయం పోవాలంటె దగ్గర నుంచి చూడాలె. దూరం నుంచి రక్షించండి అని పోస్టర్ అంటిస్తే భయం పోదు.

అత్త: ఈ మాటకు నేను తల వంచుత. ముప్పై ఏండ్లు నేను పిల్లలకు ఆర్థ్రోపొడా పాఠం చెప్పిన. బోర్డు మీద గీసిన బొమ్మ ఏ ఒక్క సాలీడునీ కాపాడలేదు. నువ్వు చెప్పినట్టు ఒక డబ్బాల ఒక జీవి అంతకంటె ఎక్కువ చెప్తది. పెంచుడే తప్పు అనే మాట నేను ఇడిసిపెడ్తున్న. ఇగ నా మూడో ప్రశ్న చెప్పు. వచ్చే ఏడు నీ ఇంజినీరింగ్ అయిపోతది. ఆ తర్వాత?

అల్లుడు: ఎంఎస్‌కు అమెరికా పోవాలనుకుంటున్న.

అత్త: రెడ్ నీ ఆడది ఇరవై, ఇరవై ఐదేండ్లు బతుకుతది. ఇంకా ఎక్కువ బతికినవి కూడ ఉన్నయి. వీటి చుట్టమే ఆస్ట్రేలియాల ఒక ట్రాప్‌డోర్ సాలీడు ఉండె. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974ల మొదలుపెట్టిన పరిశీలనల దానికి పదహారో నంబరు ఇచ్చిన్రు. ఒకే గోతిల నలభై మూడేండ్లు బతికింది. 2016ల అది చచ్చింది, అదీ ముసలితనంతోని కాదు, కందిరీగ పొడిచి. ఇప్పుడు చెప్పు, నీ వీసా వచ్చిన రోజు ఆ డబ్బా ఎవరి చేతిల పెడ్తవ్? మీ అమ్మకా? ఆమెకు బల్లిని చూస్తేనే ఒళ్లు జలదరిస్తది. మన ఇండ్లల్ల పిల్లలు విమానం ఎక్కినంక వాళ్ల కుక్కలను, చేపల తొట్లను అమ్మనాన్నలే సాకుతున్నరు. నువ్వు తెచ్చేదానికి ఇరవై ఏండ్ల బాధ్యత ఉన్నది. మీ అమ్మను అడిగినవా?

అల్లుడు: అడగలేదు. మగదాన్ని తీసుకుంటే? మగవి కొన్నేండ్లే బతుకుతయి.

అత్త: అది ఒక నిజాయితీ గల జవాబే. మగది పెద్దదైన ఆఖరి కుబుసం ఇడిసినంక చానాసార్లు ఏడాది లోపల, కొన్ని జాతులల్ల ఇంకొంచెం ఎక్కువ రోజులకు పోతది. ఆ రోజులల్ల తిండి తగ్గిస్తది, డబ్బాల గోడల వెంట తిరుగుతనే ఉంటది. అది చూసి ఓర్చుకోవాలె. కాని పిల్ల దశల మగదా ఆడదా చెప్పుడు కష్టం. ఇడిసిన కుబుసాన్ని తడిపి, విప్పి, భూతద్దం కింద చూస్తెనే తెలుస్తది. కాబట్టి లింగం తేలిన పిల్లను తీసుకో. అంగుళం కూడ లేని పసిపిల్లను తీసుకోకు. అవి తక్కువ ధరకు వస్తయి గాని, ఒక్క రోజు నీళ్లు మరిచినా ఎండిపోతయి. రెండు, మూడు అంగుళాల కాళ్ల చాపు ఉన్న పిల్ల మొదటోనికి సరైంది. అది నీ చిన్న తప్పులను ఓర్చుతది. ఇంకా ఎదిగే వయసు గనుక నీకు కుబుసాలు చూసే భాగ్యం కూడ ఉంటది.

అల్లుడు: కుబుసం గురించి ఒకటి చెప్పు. వెల్లకిల పడితే చచ్చినట్టేనా?

అత్త: కాదు. చానామంది కొత్తోళ్లు చేసే పెద్ద తప్పు అదే. కుబుసం ఇడిసేటప్పుడు టరాంటులా వెల్లకిల పడుకుంటది, గంటల తరబడి కదలదు. చచ్చిందనుకుని తిరగేస్తె అప్పుడు నిజంగ చస్తది. చచ్చేదైతె మామూలుగ కాళ్లు లోపలికి ముడుచుకుని నేల మీద బోర్ల ఉంటది. కుబుసానికి ముందు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తినదు. పొట్ట వెనుక వెంట్రుకలు ఊడిన జాగ నల్లబడ్తది. అప్పుడు తిండి పెట్టొద్దు, నీళ్ల గిన్నె నిండుగ ఉంచు. కొత్తగ కుబుసం ఇడిసినప్పుడు కోరలు తెల్లగ మెత్తగ ఉంటయి. అవి నల్లబడి గట్టిపడే దాక వారం, పది రోజులు ఆగి తిండి పెట్టు. డబ్బాల బతికిన కీచురాయిని ఇడిసి పెడ్తె, ఆ మెత్తని ఒంటిని అదే కొరుకుతది.

అల్లుడు: డబ్బా గురించి చదివిన. నేల మీద ఉండే జాతికి పొడుగు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కాళ్ల చాపుకు మూడింతల పొడుగు. అడుగున నాలుగైదు అంగుళాల కోకోపీట్, దాచుకునేందుకు సగం కుండ పెంకు, నీళ్లకు చిన్న మూత. రెండు పక్కల గాలికి రంధ్రాలు. లైట్లు, హీటర్లు అక్కర్లేదు. వారానికో, పది రోజులకో ఒక కీచురాయి లేకుంటే బొద్దింక.

అత్త: పుస్తకంల ఉన్నదంతా సరిగ్గ చెప్పినవ్. ఇగ పుస్తకంల లేని ఇబ్రహీంపట్నం సంగతి నేను చెప్త. మేల మన దగ్గర 42 డిగ్రీలు దాటుతది. రేకుల కప్పు కింద, మూడో అంతస్తు గదిల ఆ వేడి రాత్రికి కూడ దిగదు. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య ఈ జాతులకు హాయి. ముప్పై ఐదు దాటితే కష్టం మొదలు. కాబట్టి ఎండకాలం డబ్బాను కింది అంతస్తుల, నేలకు దగ్గర, ఎండ పడని మూల పెట్టాలె. ఒక పక్క కోకోపీట్ తడిగ ఉంచాలె, ఇంకో పక్క పొడిగ. రెండోది దోమలు. పెద్దచెరువు నిండిన ఏడు మన ఊర్ల దోమలు ఎట్లుంటయో నీకు తెలుసు. ప్రతి గదిల లిక్విడ్ మిషన్ వెలుగుతది. దాన్ల ఉండే పైరెత్రాయిడ్ మందు దోమను చంపినట్టే సాలీడును చంపుతది. కాయిల్, స్ప్రే, బొద్దింకల మందు, మున్సిపాలిటీ వాళ్ల ఫాగింగ్ అన్నీ అంతే. టరాంటులా ఉన్న గదిల దోమతెర ఒక్కటే తొవ్వ. నీతోని గదిల ఉండే ఇద్దరు దానికి ఒప్పుకున్నరా?

అల్లుడు: దోమల మందు సంగతి నాకు తట్టనే లేదు.

అత్త: తట్టదు, ఎందుకంటె మనం చదివే పెంపకం పాఠాలు చలి దేశాల వాళ్లు రాసినవి. వాళ్ల కష్టం చలి, మన కష్టం ఎండ, మందు, చీమ. వానకాలం చీమలు డబ్బాలకు దూరుతయి. కుబుసంల మెత్తగ పడున్న సాలీడును అవి బతకనియ్యవు. డబ్బా పెట్టిన స్టాండు కాళ్లు నీళ్ల గిన్నెలల్ల పెట్టు. మిగిలిన తిండి ముక్కను తెల్లారే సరికి తీసెయ్యి. తిండి పురుగులను పొలాల గట్ల మీద, మోరీల పక్కన పట్టకు. పత్తి చేన్ల మందు మింగిన మిడత నీ సాలీడుకు విషం. ఇంట్లనే చిన్న డబ్బాల కీచురాళ్లను పెంచుకో. అంటే ఒక జీవిని తెచ్చుకుంటే రెండు జీవులను సాకాలె.

అల్లుడు: ఇవన్నీ చేస్త. నీ నాలుగు ప్రశ్నలకు జవాబు తెచ్చుకుంట. కాని నువ్వు ఇప్పటికీ కొనమని అంటలేవు.

అత్త: అంటలేను. నాకు ఇంకో పట్టు ఉన్నది. కొనే ముందు ఒక్క వానకాలం మన ఊరి సాలీళ్లను చూడు. గుట్టల బండల సందులల్ల, పాత చింతచెట్ల మొదళ్లల్ల, చెరువు కట్ట రాళ్లల్ల టార్చి వేసుకుని చూడు. ముట్టొద్దు, తవ్వొద్దు, తేవొద్దు. ఏది ఏ గోతిల ఉంటది, ఏ వాన తర్వాత బయటికొస్తది రాసుకో. ఎంత ఓపిక ఉన్నదో నీకే తెలుస్తది. ఆ ఓపిక లేనోడు డబ్బాల సాలీడును కూడ మూడు నెలలకు మరిచిపోతడు.

అల్లుడు: చూస్త. కాని చూసుడు వేరు, సాకుడు వేరు. గోతిల ఉన్నది నేను పోయినంక ఏమైతదో నాకు తెల్వదు. డబ్బాల ఉన్నదానికి రోజూ నేను జవాబుదారీ. ఆ జవాబుదారీనే నేను నేర్చుకోవాలనుకుంటున్న. నీ వానకాలం ఒప్పుకుంట. దాని తర్వాత కాగితాలున్న చిలీ రోజ్‌నో, కర్లీ హెయిర్‌నో, లింగం తేలిన పిల్లను, మగదాన్ని తెచ్చుకుంట. కర్లీ హెయిర్ అయితె సైటీస్ రిజిస్ట్రేషన్ కూడ చూసుకుంట. అమ్మను ముందే అడుగుత. గదిల ఇద్దరు ఒప్పుకోకుంటే తీసుకరాను. గుత్తి నీలం సంగతి ఇగ ఎత్తను.

అత్త: ఆ చివరి మాటకే నా ఓటు. దాన్ని చూడాలంటె నల్లమల అడవి నిలబడాలని కొట్లాడు. అడవి నిలిస్తె నీ పిల్లలు కూడ చూస్తరు.

ఇంత మాటలైనా ఇద్దరి మధ్య ఒక తేడా అట్లాగే మిగిలింది: అత్తకు జీవి ఉండవలసిన చోటు అడవి, అల్లుడికి ఆ జీవిని అర్థం చేసుకునే చోటు తన గది. రెండింటికీ చోటు ఉందని నా నమ్మకం, వరుస మారనంత వరకు. పుట్టుక మొదట, గుణం తర్వాత, ఆయుష్షు, ఇల్లు ఆ పైన, రంగు చివరన. మొదటిసారి టరాంటులా తెచ్చుకోవాలనుకుంటున్న తెలుగు కుర్రాళ్లకూ, అమ్మాయిలకూ ఒకటే విన్నపం. కాగితం చూపించలేని సాలీడును ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. నంద్యాల, గిద్దలూరు మధ్య మిగిలిన ఆ కొద్ది అడవిలోని నీలాన్ని ఎవరినీ అడగకండి. అడిగేవాడు ఉన్నంత కాలం పట్టేవాడు ఉంటాడు.